మింగిన మాట

ఆ పట్టీ పుట్టింది మాట పోయినవాళ్ళ కోసం. గొంతుకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసిన లెక్కల మాస్టారు సోమయాజులు గారి మెడకి దాన్ని తయారుచేసిన శ్రీవత్సే కట్టి, "ఏదైనా అనండి మాస్టారూ, అనాలనుకుంటే చాలు" అన్నాడు. చూడ్డానికి మెత్తటి గుడ్డపట్టీ. లోపల వెంట్రుకంత సన్నని తీగలు. మాట అనబోయేటప్పుడు మెడలో కండరాలు సన్నగా కదులుతాయి. ఆ కదలికను చదివి, పక్కనున్న స్పీకరు ఆ మాటను పలుకుతుంది.

మాస్టారి భార్య ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. "ఎలా ఉందండీ?" అని అడిగింది.

మాస్టారు ఒక గుక్క తాగి, బాగుందన్నట్టు అలవాటుగా తల ఊపారు. స్పీకరు మాత్రం స్పష్టంగా, "చల్లారిపోయింది" అంది.

ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి భార్య కొట్టలేదు. "పెళ్ళయిన దగ్గర్నించీ బాగుందనే చెప్తున్నారు కదండీ" అని ఫ్లాస్కు మూత బిగించింది.

ఆ సాయంత్రమే శ్రీవత్స అక్క ఇంటికి వచ్చి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా చెప్పాడు. "అక్కా, అది అన్న మాటలే కాదు, అనబోయి మానుకున్న మాటలు కూడా వింటోంది. మింగేసిన మాటలు."

అక్క చారుమతి కౌన్సెలింగ్ చేస్తుంది. కాకినాడలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీద, మొదటి అంతస్తులో ఆమె గది. మనసు బాగాలేనివాళ్ళు మెట్లెక్కి పైకి వస్తారు. ఎవరైనా చూస్తే కళ్ళజోడు కోసం వచ్చామని చెప్పుకోవచ్చు. ఆ గదిని ఆమె ఎంచుకున్నదే అందుకు. కాకినాడలాంటి ఊళ్ళో గుట్టు దాచడమంటే కాజాలు కాగితంలో చుట్టి దాచినట్టే, కాసేపటికి నెయ్యి మరక బయటపడుతుంది. అందుకే తన దగ్గరికి వచ్చేవాళ్ళు బజారులో ఎదురైతే, వాళ్ళు పలకరిస్తే తప్ప చారుమతి పలకరించదు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే భోజనాల దగ్గర పంక్తి మార్చుకుని కూర్చుంటుంది. చుట్టాలంతా ఆమెకి పొగరని తేల్చేశారు. ఆమె ఏనాడూ కాదనలేదు. కాదనాలంటే కారణం చెప్పాలి కదా.

"నీ దగ్గరికి వచ్చేవాళ్ళు సగం చెప్పి సగం మింగుతారు. ఆ సగం కోసం నువ్వు నెలల తరబడి ఎదురు చూస్తావు" అన్నాడు శ్రీవత్స.

"మింగిన మాట వాళ్ళదిరా. నాది కాదు."

"వాళ్ళే ఒప్పుకుంటే?"

చారుమతి చివరికి కొన్ని షరతులతో ఒప్పుకుంది. ఇష్టపడ్డవాళ్ళే పట్టీ కట్టుకోవాలి. దీన్ని తయారుచేసింది తన సొంత తమ్ముడని ముందే వాళ్ళకి చెప్పేస్తుంది. మాట ఆమె చెవిలో పెట్టుకున్న చిన్న పరికరంలో వినిపించి అక్కడితో పోవాలి, ఎక్కడా దాచకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. విన్న మాటని అప్పటికప్పుడే, ఆ గదిలోనే, ఆ మనిషి ముందు ఒక ప్రశ్నగా పెట్టాలి. అడక్కుండా దానికి అర్థం చెప్పుకోకూడదు.

పట్టీ కట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళలో ప్రసూన ఒకతె. ముప్పై దాటిన మనిషి. పెళ్ళికి ముందు సైన్సు టీచరు. భర్త వేణుమాధవ్‌కి పంపుసెట్ల దుకాణం ఉంది. అత్తగారూ వాళ్ళతోనే ఉంటుంది.

"మా ఆయన చాలా మంచివారండి" అని మొదలుపెట్టేది ఎప్పుడూ. నిజంగానే మంచివాడు. ఒక్క మాట తూలేవాడు కాదు. దుకాణం నుంచి గంటకోసారి ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా, ఎవరొచ్చారు అని అడిగేవాడు. ఆమెకి రెండుసార్లు ఉద్యోగం వచ్చింది. వద్దని అతను అనలేదు. అన్నం మానేశాడు, అంతే. రెండుసార్లూ ఆమే వద్దనుకుంది.

పట్టీ కట్టుకున్న మొదటి రోజు కూడా ఆమె ఆ మాటే అంది. "మా ఆయన చాలా మంచివారండి." చారుమతి చెవిలో మాత్రం సన్నగా, "ఊపిరాడట్లేదు" అని వినిపించింది.

"ప్రసూన గారూ, దాని వెనక ఇంకో మాట వచ్చినట్టుంది. చెప్పాలనుందా? లేకపోతే వదిలేద్దాం."

ప్రసూన చాలాసేపు చీర కొంగు అంచు మడత పెట్టింది. తర్వాత ఏడ్చింది. పోతూ పోతూ, "ఎన్నాళ్ళ బరువో దిగిందండి" అంది. ఆ రోజు చారుమతి తమ్ముడికి ఇష్టమైన పెసరట్లు వేసి పెట్టింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

కొన్ని వారాలకి ప్రసూనలో మార్పు వచ్చింది. నెమ్మదించింది. ముఖం తేటగా ఉంది. మాటల మధ్యలో, కుట్టుమిషను ఆడపడుచుకి ఇచ్చేశానని చెప్పింది. మంచి చీరలు కూడా కొన్ని పంచిపెట్టానంది. చారుమతికి లోపల చిన్న గంట మోగింది. వస్తువులు పంచిపెట్టి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిన మనిషికి చావు ఆలోచన ఉందేమో గమనించుకోవాలని ఆమెకి చదువు నేర్పింది. అడుగుదామనుకుంది. ఆ రోజు మాటలు ఇంకెటో వెళ్ళాయి. వచ్చేసారి అడగవచ్చులే అనుకుంది.

ఆ వచ్చేసారి అంతా అయ్యాక ప్రసూన లేచి గుమ్మం దగ్గర నిలబడి, పట్టీ ముడి విప్పుతూ, "వెళ్ళొస్తానండి" అంది.

చెవిలో, "వెళ్తున్నాను" అని వినిపించింది.

మన ఇళ్ళలో గుమ్మం దగ్గర ఎవరూ వెళ్తున్నాను అనరు. వీధి చివర పాల పాకెట్టుకి వెళ్ళినా వెళ్ళొస్తాననే అంటారు. రావడం లేని వెళ్ళడం ఒక్కటే మనకి, దాన్ని నోటితో అనరు. చారుమతికి కుట్టుమిషను, చీరలు గుర్తొచ్చాయి. ఎక్కడికి అని అడగాలి. ప్రసూన అప్పటికే మెట్లు దిగుతోంది. వెనక్కి పిలవాలి.

పిలవలేకపోయింది. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. ఇది వాళ్ళమ్మ చిన్నప్పుడు నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. మనస్తత్వశాస్త్రంలో పెద్ద చదువు చదివిన చారుమతి, రెండు క్షణాలు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఈలోగా తర్వాత రావాల్సిన ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన వెళ్ళగానే ప్రసూనకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. అదే. తమ్ముడికి చేసి, "ఒకరి విషయంలో అడుగుతున్నాను, పేరు అడక్కు. నీ పట్టీ ఒక మాటని ఇంకో మాటగా వినే అవకాశం ఉందా?" అంది.

"లేదక్కా. పోయినవారం దాకా పరీక్షించాం. అది తప్పు వినదు."

ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే ఇంట్లోవాళ్ళకి చెప్పవచ్చని మొదటిరోజే ప్రసూన సంతకం పెట్టింది. చారుమతి ఆ ఒప్పందాన్ని మనసులో తిప్పి తిప్పి చూసుకుని, చివరికి వేణుమాధవ్‌కి ఫోన్ చేసింది. "కంగారు పడకండి. ప్రసూన గారు ఎక్కడున్నారో వెంటనే చూడండి. ఆమె తనకి తాను ఏమైనా చేసుకుంటారేమోనని నాకు భయంగా ఉంది" అంది.

ప్రసూన ఆర్టీసీ కాంప్లెక్సులో దొరికింది. నర్సీపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక గుడ్డసంచి. వేణుమాధవ్ కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడపడుచు బస్సెక్కి ఆమె చెయ్యి పట్టుకుంది. కండక్టరు బస్సు ఆపించాడు. "దిగమ్మా, పాపం ఆయన్ని చూడు" అని తోటి ప్రయాణికులు కూడా అన్నారు. ప్రసూన దిగింది.

"దొరికిందండి మేడమ్. మీ రుణం ఏ జన్మకీ తీరదండి" అని వేణుమాధవ్ ఫోన్ చేసినప్పుడు, చారుమతి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఒక ప్రాణం నిలబెట్టాననుకుంది, తమ్ముడికీ ఆ మాటే చెప్పింది. ఎవరో ఏమిటో తెలియకపోయినా శ్రీవత్సకి అంతమాత్రం చాలు. తన పట్టీ ఒక మనిషిని కాపాడిందని ఆ రాత్రే పెద్ద ఆసుపత్రులకి కబురు పంపడం మొదలుపెట్టాడు.

చారుమతికి ఒక అలవాటుంది. బరువైన విషయం వస్తే పేర్లు చెప్పకుండా తనకి పాఠం చెప్పిన భానుమతి గారి ముందు పెడుతుంది. మర్నాడు ఫోన్‌లో అంతా చెప్పింది. మెచ్చుకుంటారనే అనుకుంది.

"ఎక్కడికి అని అడిగావా?" అన్నారు భానుమతి గారు.

"లేదండి."

"ఊఁ" అన్నారావిడ. 

వారం తర్వాత ప్రసూనని వేణుమాధవ్ తీసుకొచ్చాడు. ఇదివరకు ఒక్కతే వచ్చేది. అతను బయట బెంచీ మీద కూర్చుంటూ చారుమతికి రెండు చేతులూ జోడించాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిద్ర లేనట్టుంది.

తలుపు వేశాక ప్రసూన పట్టీ కోసం చెయ్యి చాపలేదు. చారుమతీ ఇవ్వలేదు.

"బాత్‌రూమ్ గడియ తీయించేశారండి" అంది ప్రసూన. గొంతులో కోపం లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. "రాత్రి అత్తయ్య నా పక్కనే పడుకుంటారు. నేను దొర్లితే లేచి కూర్చుంటారు, పాపం. కత్తిపీట అటక మీద పెట్టేశారు. వంకాయలు కోయడానికి కూడా నన్ను నమ్మరండి. మిగిలిన చీరలు కూడా ఆ భయంతోనే ఆడపడుచు పట్టుకుపోయింది. ఇప్పుడు అందరూ ప్రేమగానే ఉంటారండి. ఎంత ప్రేమంటే చెప్పలేను."

"ప్రసూన గారూ, సూటిగా అడుగుతున్నాను. చనిపోవాలన్న ఆలోచన ఉందా? ఇప్పుడు గానీ, ఆ రోజు గానీ?"

"ఇదే ప్రశ్న ఆ రోజు అడిగి ఉంటే బాగుండేదండి." ప్రసూన మొదటిసారి తలెత్తి చూసింది. "నాకు చావాలని లేదండి. బస్సెక్కాలని ఉంది."

నర్సీపట్నం దాటాక వచ్చే చింతపల్లి దగ్గర ఆడపిల్లల వసతి బడిలో ఆమెకి ఉద్యోగం వచ్చింది. చేరిపోయాక ఇంటికి ఫోన్ చేద్దామనుకుంది. ముందే చెబితే భర్త అన్నం మానేస్తాడు, మూడోసారి కూడా తను ఆగిపోతుంది. కుట్టుమిషనూ అన్ని చీరలూ అక్కడికి మోసుకుపోవడం కుదరదు కాబట్టి ఇచ్చేసింది. ముఖం తేటగా ఉన్నది, ఎన్నో ఏళ్ళ తర్వాత తనకంటూ ఒక నిర్ణయం తీసుకున్నందుకు.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?" అనేసి, ఆ ప్రశ్న అడిగే హక్కు తనకి లేదని చారుమతికి వెంటనే తోచింది.

"ఒక్క పని ఎవరినీ అడక్కుండా చెయ్యాలనుకున్నానండి. మీతో చెప్పినా అడిగినట్టే ఉండేది." చారుమతి వైపు తిరిగి, "మీకెలా తెలిసింది?" అంది.

చారుమతి దాచలేదు. గుమ్మం దగ్గర, పట్టీ విప్పుతున్నప్పుడు చెవిలో పడిన మాట చెప్పింది. దానికి తను కట్టిన అర్థం చెప్పింది. మెట్ల మీద నుంచి వెనక్కి పిలవలేకపోవడం, ఎందుకు పిలవలేకపోయిందో అదీ చెప్పింది. చెబుతుంటే ఆమెకి సిగ్గుగా ఉంది.

ప్రసూన తన మెడ తడుముకుంది. అక్కడేమీ లేదు. "అది మీతో అన్న మాట కాదండి. నాకు నేను చెప్పుకున్నాను" అంది.

"నిజమేనండి. ఆ మాట నాది కాదు. విన్నాను సరే, మిమ్మల్ని అడక్కుండా తీసుకెళ్ళి మీవాళ్ళకి ఇచ్చేశాను. తప్పు నాది. మీరు నా మీద ఫిర్యాదు చెయ్యవచ్చు, ఎవరికి చెయ్యాలో నేనే రాసిస్తాను. నా దగ్గరికే రావాలని లేదు. ఇంకొకరి పేరు చెప్తాను, ఆవిడకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు."

"ఫిర్యాదు తర్వాత చూద్దామండి. ముందు నా గడియ నాకు కావాలి." ప్రసూన నవ్వబోయి మానుకుంది. "నేనేం చెప్పినా, దాస్తున్నాననే అనుకుంటున్నారు. డాక్టరమ్మ చెప్పింది కదా అంటారు. నేను కాదన్నకొద్దీ వాళ్ళకి ఇంకా భయం. మీరంటేనే వింటారు."

తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట ఆ ఇంట్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందో చారుమతికి అప్పుడు పూర్తిగా తెలిసింది. బాధగా అనిపించింది. ఆ బాధని ప్రసూన ముందు పెట్టి ఓదార్పు అడుక్కోవడం కూడా తప్పేనని ఊరుకుంది.

"ఏం చెప్పమంటారు? ఏం చెప్పొద్దంటారు?"

"నాకు చావాలని లేదని చెప్పండి. మీరు పొరపాటు పడ్డారని చెప్పండి. బడి సంగతి చెప్పొద్దు. అది నేను చెప్పుకుంటాను."

చారుమతి వెంటనే తలూపలేదు. నిద్ర, తిండి, ఆ రోజు సంచిలో ఏం పెట్టుకుంది, రేపటి గురించి ఏమనుకుంటోంది, ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ జవాబులు విన్నాక, అలాగేనండి అంది.

సాయంత్రం తమ్ముడితో గొడవైంది. కాకినాడ అక్కాతమ్ముళ్ళ గొడవ, పక్కింటికి వినపడకూడదని గొంతులు పెద్దగా లేవలేదు.

"పట్టీ సరిగ్గానే విందిగా అక్కా? మరి దాన్ని ఎందుకు ఆపెయ్యడం?"

"సరిగ్గా విందిరా. అదే భయం. తప్పు వినే యంత్రమైతే నేను మళ్ళీ అడిగేదాన్ని. ఇది తప్పు వినదని నువ్వన్నావు, నేను అడగడం మానేశాను."

"ఆసుపత్రులవాళ్ళు వచ్చేవారం వస్తున్నారు."

"రానీ. ఈ సంగతి కూడా చెప్పు వాళ్ళకి. పేరొద్దు, ఊరొద్దు. ప్రాణం కాపాడిందని మాత్రం చెప్పకు."

శ్రీవత్స రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాస్టారి పట్టీకి చిన్న మీట అమర్చుకొచ్చాడు. మాస్టారు చేత్తో నొక్కితేనే మాట బయటికి వస్తుంది. లేకపోతే గొంతులోనే ఉంటుంది. మాస్టారు కాఫీ తాగి, మీట నొక్కి, "బాగుంది" అన్నారు. ఆయన భార్య ఆయన ముఖంలోకి చూసి, "చల్లారిందాండీ?" అంది. ఆవిడ ఇప్పుడు రోజూ అలాగే అడుగుతోందట.

ఆ వారమే వేణుమాధవ్, అతని తల్లి, ప్రసూన ముగ్గురూ మెట్లెక్కి వచ్చారు. చారుమతి ప్రసూన చెప్పమన్నంతే చెప్పింది. ఆమెకి అలాంటి ఆలోచన లేదని తను వివరంగా అడిగి తెలుసుకున్నానంది. ఆ రోజు తొందరపడి పొరపాటు చేశానంది. ఆ పొరపాటుకి మీ ఇల్లంతా నిద్ర మానుకుందని, క్షమించమని అంది.

 వేణుమాధవ్ ముఖంలో ముందు ఊరట వచ్చింది. తర్వాత అది నెమ్మదిగా వెళ్ళిపోయింది.

"చావడానికి కాకపోతే మరి ఎక్కడికి బయల్దేరిందండి?"

"ఆ జవాబు నేను చెప్పేది కాదండి. ఆమె పక్కనే ఉన్నారు."

అతను పక్కకి తిరగలేదు. జేబురుమాలు మడతలు విప్పి మళ్ళీ మడత పెట్టాడు. చనిపోతుందేమో అన్న భయం కంటే ఈ ప్రశ్నే అతనికి ఎక్కువ భయంగా ఉందని చారుమతికి కనిపిస్తూనే ఉంది. జాలేసింది. అయినా నోరు విప్పలేదు.

చివరికి అత్తగారు అడిగింది. బయల్దేరినవాళ్ళని ఎక్కడికని అడగొద్దని ఇంటిల్లిపాదికీ నేర్పిన మనిషి ఆవిడ.

"ఎక్కడికమ్మా?"

"చింతపల్లి దగ్గర బడి అత్తయ్యా. ఉద్యోగం వచ్చింది."

"అది మాతో చెప్పకుండా బస్సెక్కాలా తల్లీ?"

"చెబితే ఆయన అన్నం మానేస్తారు అత్తయ్యా."

ఆవిడ కొడుకు వైపు చూసింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆవిడ మనసు కరిగిందో లేదో గానీ, గొంతు కరగలేదు. "మాననీ. ఆకలేస్తే వాడే తింటాడు" అంది.

ప్రసూన చివరిసారి ఒక్కతే వచ్చింది. గుడ్డసంచి ఉంది. గడియ మళ్ళీ పెట్టించారట, అత్తయ్యే వడ్రంగిని పిలిపించారట. వేణుమాధవ్ నిన్న పొద్దున్న అన్నం మానేశాడు, రాత్రికి పెరుగన్నం తిన్నాడు. సైన్సు టీచరు పోస్టు మాత్రం ఈలోగా వేరేవాళ్ళకి ఇచ్చేశారు. పిల్లల వసతిగృహం చూసుకునే పని ఉందంటే ఒప్పుకుంది. జీతం తక్కువ, పాఠం చెప్పేది ఉండదు.

"నా వల్ల పోయింది ఆ పోస్టు" అంది చారుమతి.

"అవునండి" అంది ప్రసూన. కాదనలేదు. చారుమతికి అదే మంచిదనిపించింది.

"మీరు చెప్పిన ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాను. ఇకనుంచి ఆవిడ దగ్గరే. మీ ఎదురుగా కూర్చుంటే మెడ తడుముకోవాలనిపిస్తోందండి. ఏమీ అనుకోకండి."

"అనుకోనండి."

 ప్రసూన లేచి సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చారుమతి కళ్ళలోకి చూస్తూ పైకే అంది.

"వెళ్తున్నానండి."

వెళ్ళి రండి అన్న మాట చారుమతి నోటి చివరి దాకా వచ్చింది. పుట్టిన దగ్గర్నించీ ప్రతి గుమ్మం దగ్గరా అన్న మాట, ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

"వెళ్ళండి" అంది.

ప్రసూన నవ్వి మెట్లు దిగింది. రండి అన్న సగం మాట చారుమతి గొంతులోనే ఉండిపోయింది. దాన్ని వినడానికి ఆ గదిలో ఇప్పుడు ఏ పట్టీ లేదు.